కొత్త చేపను ట్యాంకులోకి దించడం: కవరు విప్పే ముందు, విప్పిన తర్వాత

“చేపలు తెచ్చి, కవరును అరగంట ట్యాంకులో తేలేసి, ఆ తర్వాతే వదిలాను. అయినా మూడో రోజుకి రెండు పోయాయి. ఎక్కడ తప్పు చేశాను?” నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. చేప పేరు మారుతుంది, రోజుల లెక్క మారుతుంది, కథ మాత్రం ఒకటే. అలా అడిగినవాళ్లని నేను ముందు రెండు విషయాలు అడుగుతాను. చేప కవరులో ఎంతసేపు ఉంది? ట్యాంకు పెట్టి ఎన్నాళ్లయింది? ఈ రెండూ తెలియకుండా ఏ పద్ధతి పాటించినా చీకట్లో బాణం వేసినట్టే.

ఇక్కడ చెప్పేదంతా మంచినీటి చేపల గురించి. సముద్రపు చేపల లెక్క వేరు.

ముందు తేల్చుకోవాల్సింది: కవరులో ఎంతసేపు?

కవరు తేలేస్తే సమానమయ్యేది నీళ్ల వేడి ఒక్కటే. కవరు మూసే ఉంటుంది కాబట్టి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె), నీళ్లలో కరిగిన ఉప్పులు ఎక్కడివక్కడే ఉంటాయి. అందుకే ట్యాంకు నీళ్లు కొద్దికొద్దిగా కలపమంటారు. సరైన సలహానే. కాకపోతే అన్నిసార్లూ కాదు.

మూసిన కవరులో చేప ఊపిరి తీస్తూ ఉంటుంది కాబట్టి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, దాంతో పీహెచ్ పడిపోతుంది. మరోపక్క చేప వదిలే అమ్మోనియా పెరుగుతూ పోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు ఆ అమ్మోనియాలో చాలా భాగం అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేపకు పెద్దగా హాని ఉండదు. చిక్కంతా మీరు కవరు విప్పాకే. లోపలి గ్యాస్ పోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియం మళ్లీ విషపు అమ్మోనియాగా మారుతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే ఈ విషపు వాటా దాదాపు 10 రెట్లవుతుంది. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే అది మొత్తంలో 1 శాతం లోపే. 8 అయితే 5 శాతం దాటుతుంది. మనం జాలిపడి గంటసేపు చుక్కచుక్కగా నీళ్లు కలుపుతుంటాం, చేప ఆ గంటసేపూ విషంలో ఈదుతుంటుంది.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి:

- చేప కవరులో ఉన్నది రెండు గంటల లోపైతే: నీళ్లు నిదానంగా కలిపే పద్ధతి.
- రాత్రంతా ప్రయాణం చేసినా, పార్సిల్‌లో వచ్చినా: వేడి సమానం చేసి, కవరు విప్పిన వెంటనే మార్చేసే పద్ధతి.
- మధ్యస్తంగా ఉంటే కవరును వెలుతురుకు పట్టి చూడండి. నీళ్లు మసకబారినా, అడుగున మలం కనిపించినా, విప్పగానే ఘాటు వాసన వచ్చినా రెండో పద్ధతే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

చేప ఇంటికి వచ్చాక వస్తువుల కోసం వెతుక్కుంటే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు. ముందురోజే సర్దుకోండి.

- సబ్బు ఎప్పుడూ తగలని బకెట్. చేపల పనికే కేటాయించినది.
- థర్మామీటర్.
- సన్నటి ఎయిర్ ట్యూబ్ రెండు మీటర్లు, దానికి చిన్న వాల్వు. వాల్వు లేకపోతే ట్యూబుకు వదులుగా ఒక ముడి వేస్తే చాలు.
- మెత్తటి, సన్న కన్నుల నెట్. దాంతోపాటు చేప పట్టేంత పారదర్శకమైన డబ్బా ఒకటి. నా లెక్కలో నెట్ కంటే ఈ డబ్బాకే ఎక్కువ పని.
- యాంటీ క్లోరిన్ మందు (కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ను తీసేసేది). దొరికితే అమ్మోనియాను కూడా అదుపు చేసే రకం తీసుకోండి.
- అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ చూసే టెస్ట్ కిట్. టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం) చూసే మీటర్ ఉంటే ఇంకా మంచిది.
- కత్తెర, పొడి తువ్వాలు, ట్యాంకుకు మూత.

మూత గురించి ఒక మాట. కొత్త చోట బెదిరిన చేప మొదటి రాత్రే ఎగురుతుంది. మూత లేకపోతే అట్టముక్కో, జాలీనో పెట్టండి. ఫిల్టర్ పైపు కోసం వదిలిన చిన్న సందు కూడా దానికి చాలు.

అడుగులు

1. చేప రావడానికి ముందే నీళ్లు పరీక్షించండి. అమ్మోనియా 0, నైట్రైట్ 0 ఉండాలి. నైట్రేట్ కొంత కనిపించాలి. అది కనిపిస్తే ఫిల్టర్‌లో బ్యాక్టీరియా పని మొదలుపెట్టినట్టు: అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది అదే. కొత్త ట్యాంకులో ఈ స్థితి రావడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. నిన్న నింపిన నీళ్లు అద్దంలా మెరుస్తుంటే ముచ్చటగానే ఉంటుంది, కానీ అమ్మోనియా కంటికి కనిపించదు. “మూడో రోజుకి పోయాయి” అన్నవాళ్లలో చాలామంది విషయంలో నాకు తేలింది ఇదే: చేపను దించిన తీరు బాగానే ఉంది, ట్యాంకే సిద్ధంగా లేదు.

అమ్మినవాళ్లు ఏ నీళ్లలో ఉంచారో అడిగి తెలుసుకోండి. పీహెచ్, టీడీఎస్ రాసిస్తే సరే, లేదంటే ఇంటికొచ్చాక కవరు నీళ్లు కొంచెం తీసి మీరే చూసుకోవచ్చు.

2. దారిలో. కవరును గుడ్డలోనో, థర్మాకోల్ డబ్బాలోనో చుట్టి చీకటిగా ఉంచండి. చీకట్లో చేప కుదురుగా ఉంటుంది. ఎండ తగిలే సీటు మీద పెట్టొద్దు. “బాగుందా?” అని పదేపదే పైకెత్తి చూడొద్దు. చిన్నపిల్లల చేతికి అసలే ఇవ్వొద్దు. (నాకు తెలుసు, ఈ మాట ఎవరూ వినరు.)

3. ట్యాంకు లైటు ఆపండి, గదిలో వెలుతురు తగ్గించండి. లైటు కిందే కవరు తేలేస్తే అందులోని కాసిని నీళ్లు త్వరగా వేడెక్కిపోతాయి. హీటర్ ప్లగ్గు తీశాకే ట్యాంకులో చేయి పెట్టండి. నీటి మట్టం తగ్గించాల్సి ఉంటే హీటర్ ఆపి పావుగంట చల్లారనివ్వండి. వేడి గాజు నీళ్లలోంచి బయటపడితే పగలొచ్చు.

4. మూసిన కవరును 15 నుంచి 20 నిమిషాలు తేలేయండి. ముందు కవరు బయటివైపు కడిగి తుడవండి. ఇరవై నిమిషాలకు మించి ఉంచితే కొత్తగా వచ్చే లాభం లేదు. రెండు వేళ్లతో కవరునూ ట్యాంకు నీళ్లనూ తాకి చూస్తే తేడా తెలుస్తుందంటారు గానీ, వేళ్లకు రెండు డిగ్రీల తేడా సరిగా తెలియదు. కవరు విప్పాక థర్మామీటర్ ముంచి చూడండి. ఒక డిగ్రీ లోపు తేడా ఉంటే సరే.

5. కవరు కత్తిరించండి. రబ్బరు బ్యాండ్‌తో కుస్తీ పడొద్దు. ముడి కిందుగా కత్తెరతో కోసేయండి. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

5 (క). దగ్గరి నుంచి తెచ్చిన చేపలకు: నిదానంగా. కవరును బకెట్‌లోకి నెమ్మదిగా వంచి, చేపల్ని నీళ్లతో సహా దించండి. నీళ్లు మరీ తక్కువగా ఉంటే బకెట్‌ను ఒక పక్కకు వాల్చి, కింద ఏదైనా ఆసరా పెట్టండి. చేపలు మునిగేంత లోతు వస్తుంది. ట్యూబు ఒక కొస ట్యాంకులో, రెండో కొస బకెట్‌లో పెట్టి, సెకనుకు 2, 3 చుక్కలు పడేలా వాల్వు తిప్పండి. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, సెకనుకు మూడు చుక్కల లెక్కన గంటకు అర లీటరు దాకా వస్తుంది. బకెట్‌లో నీళ్లు రెట్టింపయితే చాలు, ఆపేయండి. మామూలు గప్పీలు, మోలీలు, టెట్రాలకు ముప్పావు గంట, గంట సరిపోతుంది. రొయ్యలకు, నత్తలకు మాత్రం గంటన్నర, రెండు గంటలు పట్టినా తొందరపడొద్దు. అవి నీళ్ల మార్పును తట్టుకోలేవు.

ట్యూబులో నీళ్లు రప్పించడానికి నోటితో పీల్చొద్దు. సిరంజి వాడండి. లేదా ట్యూబు మొత్తం ట్యాంకులో ముంచి, గాలి పోయాక ఒక కొసను వేలితో మూసి బయటికి తీయండి.

ట్యూబు గొడవ వద్దనుకుంటే, కవరు అంచును రెండుసార్లు బయటికి మడిచి గాలి చిక్కేలా పట్టీ చేయండి. కవరు పడవలా తేలుతుంది. అందులో ఐదు నిమిషాలకోసారి అర గ్లాసు ట్యాంకు నీళ్లు పోస్తూ రండి. చేయి కాస్త ఎక్కువ పడుతుంది గానీ కవరు ట్యాంకులోనే ఉంటుంది కాబట్టి నీళ్లు చల్లబడవు. చలికాలంలో నేను ఇదే చేస్తాను. నేల మీద పెట్టిన బకెట్ గంటలో ఎంత చల్లబడుతుందో ఒకసారి థర్మామీటర్ పెట్టి చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. అప్పటిదాకా కవరు తేలేసి సమానం చేసిన వేడి కాస్తా పోయినట్టే.

5 (ఖ). దూరం నుంచి వచ్చిన చేపలకు: వెంటనే. పైన చెప్పిన 15, 20 నిమిషాలు తేలేసేదాకా కవరు విప్పొద్దు. విప్పిన వెంటనే, అమ్మోనియాను అదుపు చేసే మందు ఉంటే సీసా మీద రాసిన మోతాదులో వేయండి. ట్యాంకు నీళ్లు ఒకటి రెండుసార్లు పోసి, ఐదారు నిమిషాల్లో చేపను డబ్బాతో తీసి మార్చేయండి. పీహెచ్ తేడా గురించి మథనపడొద్దు. అమ్మోనియాలో గంట నానడం కంటే ఈ మార్పును చేప నయంగా తట్టుకుంటుంది.

టీడీఎస్ తేడా బాగా ఎక్కువగా ఉంటే మాత్రం ఆలోచించాలి. కవరులో 600, మీ ట్యాంకులో 150 అనుకోండి. ఉప్పులు ఎక్కువున్న నీళ్లలోంచి బాగా తక్కువున్న నీళ్లలోకి పడితే చేప ఒంట్లోకి నీరు లాగేసుకుంటుంది, ఆ దెబ్బ రెండు మూడు రోజుల తర్వాత బయటపడుతుంది. దీనికి మందు ముందుచూపే: వేరే చిన్న ట్యాంకులో కవరు నీళ్లకు దగ్గరి టీడీఎస్ ఉన్న శుభ్రమైన నీళ్లు సిద్ధంగా ఉంచి, అందులోకి వెంటనే దించండి. తర్వాత వారం పది రోజుల్లో నీళ్లు మారుస్తూ మీ ట్యాంకు లెక్కకు తీసుకురండి.

6. చేపను మార్చండి, నీళ్లను కాదు. కవరు నీళ్లు, బకెట్ నీళ్లు ట్యాంకులో పోయొద్దు. అందులో అమ్మోనియా, పరాన్నజీవులు, ఒక్కోసారి మందులు ఉంటాయి. అలాగని చెరువులోనో కాలువలోనో పారబోయొద్దు, సింకులో వంపేయండి.

చేతులకు సబ్బు, క్రీము లేకుండా కడుక్కుని తడిగానే ఉంచండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడుతుంది, ఆ చోటే ఫంగస్ పడుతుంది. నెట్‌ను కూడా ముందు తడపండి. చేప వెంట నెట్‌తో పరుగెత్తే బదులు, నెట్‌ను ఒక చోట ఉంచి రెండో చేత్తో చేపను అటు తోలండి. నెట్‌లో పడ్డాక పై అంచును చేత్తో మూసి, కింద డబ్బా ఆసరా పెట్టి తీయండి.

కొన్ని చేపలకు నెట్ అసలే వద్దు. కోరిడోరస్, సక్కర్ ఫిష్ లాంటివి భయపడితే వెన్నుపైన, పక్కన ఉన్న ముళ్లను నిక్కబొడిచి బిగిస్తాయి. ఒకసారి నా నెట్‌లో ఒక కోరిడోరస్ ఇలాగే చిక్కుకుంది. నెట్ కన్నులు రెండు దాని పక్క ముల్లు మొదట్లో దిగబడిపోయాయి, లాగినకొద్దీ బిగిశాయి. నెట్‌ను చేపతో సహా నీళ్లలోనే ఉంచి, గోళ్ల కత్తెరతో ఒక్కొక్క దారం కత్తిరించాల్సి వచ్చింది. చేప బతికింది, నెట్ పోయింది. మీకూ అలా జరిగితే లాగొద్దు, ముల్లు విరుగుతుంది. పొడవాటి రెక్కల ఫైటర్లను, కళ్ల కింద నీటి సంచులుండే గోల్డ్ ఫిష్‌లను కూడా డబ్బాతోనే తీయండి.

డబ్బాను ట్యాంకు నీళ్లలో ముంచి పక్కకు వంచండి. చేప తనంతట తాను బయటికి వస్తుంది. పైనుంచి గుమ్మరించొద్దు.

7. లెక్క పెట్టండి. ఎనిమిది తెస్తే ఎనిమిది ట్యాంకులో కనిపించాలి. కవరు అడుగు మూలల్లో మడతలుంటాయి. చిన్న టెట్రా అందులో దూరి, కవరు ఖాళీ అయ్యాక కూడా అక్కడే అతుక్కుని ఉంటుంది. ఖాళీ కవరును చెత్తబుట్టలో వేయబోయి, మూలలో వెండి గీతలా ఏదో కదిలితే ఆగినరోజు నాకింకా గుర్తుంది. మూలల్ని విప్పి, ఒకసారి నీళ్లతో కడిగి చూశాకే పారేయండి.

8. లైటు వేయొద్దు, మేత వేయొద్దు. ఆ రోజంతా లైటు ఆపే ఉంచండి. 24 గంటల దాకా మేత అక్కర్లేదు. చేప ఆకలితో ఏమీ అయిపోదు, తినకుండా మిగిలిన మేత మాత్రం కుళ్లి అమ్మోనియా అవుతుంది. మర్నాడు చిటికెడు వేసి చూడండి. పాత చేపలు కొత్తవాటిని తరుముతుంటే రాళ్లూ మొక్కలూ అటూఇటూ మార్చండి. సిక్లిడ్ల లాంటివి ఒక మూలను సొంతం చేసుకుని ఉంటాయి, సరిహద్దులు చెరిగిపోతే కొంతసేపు అన్నీ కొత్తవే.

క్వారంటైన్ ట్యాంకు: ఉంటే ముందు అందులోకే

ట్యాంకులో పాత చేపలు ఉంటే కొత్తవాటిని 3 నుంచి 4 వారాలు విడిగా ఉంచడం నా దృష్టిలో ఐచ్ఛికం కాదు. 20 నుంచి 40 లీటర్ల ట్యాంకు లేదా పెద్ద ప్లాస్టిక్ టబ్బు, హీటర్, స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క. అడుగున గులకరాళ్లు వద్దు, మలం కనబడాలి. స్పాంజ్‌ను నెల ముందు నుంచే పెద్ద ట్యాంకులో ఒక మూల నడిపిస్తూ ఉండండి, బ్యాక్టీరియా దానికి పట్టి ఉంటుంది.

ఇన్ని వారాలు ఎందుకంటే తెల్లమచ్చల జబ్బు వల్ల. 25 డిగ్రీల దగ్గర ఆ పరాన్నజీవి ఒక చుట్టు తిరగడానికి దాదాపు వారం పడుతుంది, చల్లటి నీళ్లలో ఇంకా ఎక్కువ. మొదటి రోజు చేప నిగనిగలాడుతూ కనిపించినా మచ్చలు తర్వాత రావచ్చు. నెట్, సైఫన్ పైపు రెండు ట్యాంకులకీ విడివిడిగా ఉండాలి. ఒకటే ఉంటే, ఇంత శ్రమా వృథా.

సరిగ్గా కుదురుకుందా? ఇలా చూడండి

మొదటి గంటలో రంగు వెలిసిపోవడం, మూల దాక్కోవడం, అడుగున కదలకుండా ఉండటం మామూలే. భయపడొద్దు. మొప్పల్ని చూడండి. అదే జాతి పాత చేప ఉంటే దాని మొప్పలు 15 సెకన్లలో ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయో లెక్కపెట్టి, కొత్తదాంతో పోల్చండి. రెట్టింపు ఉంటే ఏదో ఇబ్బంది ఉంది. చేపలన్నీ నీటి పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తుంటే అది ఆలోచించే సమయం కాదు: ఎయిర్ పంప్ పెంచండి, అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి, అదే వేడి ఉన్న, క్లోరిన్ తీసేసిన నీళ్లతో పాతిక శాతం మార్చండి. ఫైటర్లు, గౌరామీలు మాత్రం గాలి కోసం మామూలుగానే పైకి వస్తుంటాయి, వాటిని చూసి కంగారు పడొద్దు.

రెక్కలు ఒంటికి అతికించినట్టు ముడుచుకుని ఉండటం, రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం, పక్కకు వాలడం మర్నాటికీ తగ్గకపోతే గుర్తు పెట్టుకోవాల్సిన లక్షణాలు.

కిట్‌తో 24 గంటలకు, 48 గంటలకు, వారానికి పరీక్షించండి. కొత్త చేపలొస్తే ఫిల్టర్ మీద భారం పెరుగుతుంది, బ్యాక్టీరియా అంతకు సరిపడా పెరగడానికి కొంత వ్యవధి పడుతుంది. అందుకే ఒక్కసారే పదిహేను చేపలు తేవద్దు. నాలుగైదు తెచ్చి, రెండు వారాలు ఆగి, అమ్మోనియా 0 దగ్గరే ఉంటే మళ్లీ తెచ్చుకోండి.

ఎక్కువ మంది చేసే పొరపాట్లు

కొత్త చేపల కోసమని అదే రోజు ట్యాంకు మొత్తం కడిగి ఫిల్టర్ స్పాంజ్‌ను కుళాయి కింద పిండేయడం అన్నిటికంటే పెద్దది. క్లోరిన్ తగిలి బ్యాక్టీరియా చస్తుంది. స్పాంజ్‌ను ట్యాంకులోంచి తీసిన నీళ్లలో మాత్రమే పిండాలి, అదీ చేపలొచ్చే వారం ముందో తర్వాతో.

రెండోది, నీళ్లు ఒక రాత్రి నిల్వ ఉంచితే చాలనుకోవడం. క్లోరిన్ అయితే అలా ఎగిరిపోతుంది. క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) కలిపిన నీళ్లయితే పోదు, యాంటీ క్లోరిన్ మందు వేయాల్సిందే.

మూడోది చేతికి గాయం ఉండగా ట్యాంకులో చేయి పెట్టడం. చేపల నుంచి మనుషుల చర్మానికి సోకే మైకోబ్యాక్టీరియా ఉంది, మానడానికి నెలలు పడుతుంది. గ్లవుజు తొడుక్కోండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

వారాల తర్వాత క్వారంటైన్ నుంచి పెద్ద ట్యాంకుకు మార్చే రోజు పని తేలిక. రెండింటి వేడి, పీహెచ్, టీడీఎస్ దగ్గరగా ఉంటే కవరూ అక్కర్లేదు, చుక్కలూ అక్కర్లేదు. సాయంత్రం లైటు ఆపాక, పాత చేపలకు ఒక మూల మేత వేసి, అవి అటు వెళ్లినప్పుడు డబ్బాను ఇటు ముంచండి.